నీలి తెర వెనుక నల్ల తెర

ఒక్క మీట నొక్కితే పని పూర్తిచేసే ఐడీఈలు ఒకవైపు, ప్రతి ఆదేశాన్నీ టైపు చేయమనే కమాండ్ లైన్ మరోవైపు. ప్రోగ్రామర్ల లోకంలో ఇది పాత తగాదా. భారతీయ ఇంజనీరింగ్ విద్యార్థికి మాత్రం ఉద్యోగంతో ముడిపడిన సమస్య

ఆ నీలి తెరను గుర్తుపట్టని ఇంజనీరింగ్ పట్టభద్రులు దేశంలో తక్కువే. పైన బూడిద రంగు మెనూ, మధ్యలో ముదురు నీలం మీద పసుపు అక్షరాలు, అడుగున ఏ మీట నొక్కితే ఏం జరుగుతుందో చెప్పే పట్టీ. ఎఫ్2 నొక్కితే ఫైలు సేవ్ అవుతుంది. కంట్రోల్, ఎఫ్9 కలిపి నొక్కితే ప్రోగ్రామ్ నడుస్తుంది. ఆల్ట్, ఎఫ్5 నొక్కితే ఫలితం కనిపిస్తుంది. దాన్ని రికార్డు పుస్తకంలోకి ఎక్కించి సంతకం పెట్టించుకుంటే ఆ వారం ల్యాబ్ గడిచినట్టే. వరంగల్ నుంచి వారణాసి దాకా లక్షల మంది సీ భాషను నేర్చుకున్నది ఇలాగే.

ఆ తెర పేరు టర్బో సీ. అమెరికన్ కంపెనీ బోర్లాండ్ దాన్ని 1987లో మార్కెట్లోకి తెచ్చింది. దాని తర్వాతి రూపం టర్బో సీ++ 1990లో వచ్చింది. మన ల్యాబుల్లో స్థిరపడిపోయిన 3.0 వెర్షన్ కూడా 1990ల మొదట్లోదే. సీ++ భాషకు తొలి అంతర్జాతీయ ప్రమాణం ఖరారైంది 1998లో. అంటే భాషకు ప్రమాణం ఏర్పడకముందే తయారైన పనిముట్టుతో 2010లలో కూడా ఆ భాషను బోధించారు. కొన్ని కాలేజీల్లో నేటికీ ఆ అలవాటు పోలేదు.

కంప్యూటర్లు మాత్రం అంతకాలం ఆగలేదు. డాస్ కోసం రాసిన 16 బిట్ ప్రోగ్రాములను 64 బిట్ విండోస్ నడపదు. దానికీ ఉపాయం దొరికింది. డాస్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో కొత్త కంప్యూటర్ లోపల ఒక పాత కంప్యూటర్‌ను సృష్టించి, అందులో టర్బో సీని నడిపించారు. పాఠాన్ని కొత్త యంత్రానికి తగ్గట్టు మార్చే బదులు, యంత్రాన్నే పాత పాఠానికి తగ్గట్టు వెనక్కి నడిపారన్నమాట.

ఒకే చోట అన్నీ

ఐడీఈ అంటే ఇంటిగ్రేటెడ్ డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్. ప్రోగ్రామ్ రాసుకునే ఎడిటర్, దాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్, తప్పులు వెతికే డీబగ్గర్ ఒకే గొడుగు కింద ఉండటం దాని ప్రత్యేకత. ఈ రోజు అది మామూలు విషయంగా కనిపించవచ్చు. 1980ల మొదట్లో అలా లేదు. పర్సనల్ కంప్యూటర్ మీద ప్రోగ్రామర్ ఎడిటర్‌ను తెరిచి రాయాలి, మూసేయాలి, కంపైలర్‌ను పిలవాలి, ఆపై లింకర్‌ను పిలవాలి. మధ్యలో ఫ్లాపీలు మార్చాలి. ఒక కామా తప్పు పడితే మళ్లీ మొదటికే.

ఆ తలనొప్పిని వదిలించింది 1983లో వచ్చిన టర్బో పాస్కల్. డెన్మార్క్‌కు చెందిన ఆండర్స్ హెల్స్‌బర్గ్ రాసిన కంపైలర్‌కు ఎడిటర్‌ను జోడించి బోర్లాండ్ దాన్ని 49.95 డాలర్లకే అమ్మింది. ఇతర కంపైలర్లు వందల డాలర్లు పలుకుతున్న రోజులవి. మొత్తం సాఫ్ట్‌వేర్ 40 కిలోబైట్ల లోపే. ఇప్పుడు ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో కూడా అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. హెల్స్‌బర్గ్ ఆ తర్వాత మైక్రోసాఫ్ట్‌లో చేరి సీ షార్ప్, టైప్‌స్క్రిప్ట్ భాషల రూపకల్పనకు సారథి అయ్యారు.

బోర్లాండ్ చూపిన బాటలో మిగతావాళ్లూ నడిచారు. 1991లో విజువల్ బేసిక్, 1997లో విజువల్ స్టూడియో వచ్చాయి. ప్రేగ్‌లో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన నెట్‌బీన్స్‌ను 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొనుక్కుంది. 2001లో ఐబీఎం ఎక్లిప్స్‌ను అందరికీ ఉచితంగా విడుదల చేసింది. ఈ కథలో హైదరాబాద్‌కూ ఓ పాత్ర ఉంది. 1998లో ఇక్కడ ఏర్పడిన మైక్రోసాఫ్ట్ ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్‌లోనే విజువల్ స్టూడియోకు చెందిన విజువల్ జే షార్ప్ రూపుదిద్దుకుంది.

నల్ల తెర వంశం

కమాండ్ లైన్ కథ అంతకు పాతది. 1970లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ రూపొందినప్పుడు దాని వెనకున్న ఆలోచన ఒక్కటే. ప్రతి చిన్న ప్రోగ్రామూ ఒక పనిని బాగా చేయాలి. ఒకదాని ఫలితాన్ని మరొకదానికి అందించగలగాలి. 1973లో డగ్లస్ మెకిల్రాయ్ సూచనతో వచ్చిన 'పైప్' సదుపాయం ఆ ఆలోచనకు ప్రాణం పోసింది. 1976లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన 'మేక్', పెద్ద ప్రోగ్రామ్‌లో మారిన భాగాలను మాత్రమే మళ్లీ కంపైల్ చేసే పనిని చేపట్టింది. అదే ఏడాది బిల్ జాయ్ చేతుల్లో 'వీఐ' ఎడిటర్ రూపం పోసుకుంది. దాని వారసుడు 'విమ్'ను నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేసి, 2023లో కన్నుమూసేదాకా సాకారు.

ఈ పనిముట్లు కొత్తవారిని అంత తేలిగ్గా దరిచేరనివ్వవు. విమ్ నుంచి బయటపడటం ఎలా అన్న ఒక్క ప్రశ్ననే పది లక్షల సార్లకు పైగా చూశారని ప్రోగ్రామర్ల వేదిక స్టాక్ ఓవర్‌ఫ్లో 2017లో సరదాగా ప్రకటించింది.

ఇక్కడ చరిత్ర ఒక తమాషా చేసింది. టర్బో సీ వచ్చిన 1987లోనే, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారుడు రిచర్డ్ స్టాల్‌మన్ జీసీసీ అనే కంపైలర్‌ను విడుదల చేశారు. ఇద్దరూ ఒకే ఈడు వాళ్లు. టర్బో సీకి అందమైన తెర ఉంది. జీసీసీకి తెరే లేదు. నల్లటి టెర్మినల్‌లో జీసీసీ అని టైపు చేసి, పక్కన ఫైలు పేరు రాయాలి. దశాబ్దాలు గడిచాయి. బోర్లాండ్ తన డెవలపర్ పనిముట్ల విభాగాన్ని 2008లో అమ్మేసుకుంది. మరుసటి ఏడాది ఆ కంపెనీయే మైక్రో ఫోకస్ చేతుల్లోకి వెళ్లిపోయింది. జీసీసీ మాత్రం ఏటా కొత్త వెర్షన్‌తో వస్తూనే ఉంది. లైనక్స్ కెర్నల్ ప్రధానంగా దానిమీదే ఎదిగింది.

ఎనిమిది దగ్గర తప్పిన లెక్క

తేడా ఎంత ఉంటుందో తెలియాలంటే ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్ చాలు. సీ ల్యాబ్ రికార్డుల్లో అది దాదాపు తప్పనిసరి. టర్బో సీలో మామూలు 'ఇంట్' రకం సంఖ్యకు 16 బిట్ల చోటే ఉంటుంది. అందులో పట్టే అతి పెద్ద విలువ 32,767. 7 ఫ్యాక్టోరియల్ అడిగితే 5,040 అని సరిగ్గానే చెబుతుంది. 8 అడిగితే రావలసింది 40,320. తెర మీద ప్రత్యక్షమయ్యేది మైనస్ 25,216. ఈ రోజుల్లోని మామూలు కంప్యూటర్‌లో జీసీసీ 'ఇంట్'కు 32 బిట్లు ఇస్తుంది కాబట్టి 12 ఫ్యాక్టోరియల్ దాకా లెక్క తప్పదు. 13 దగ్గర అదీ చేతులెత్తేస్తుంది.

ఇందులో నేర్చుకోవలసింది ఎంతో ఉంది. సంఖ్యకు యంత్రంలో చోటు ఎంత, అది నిండితే ఏమవుతుంది, ఒకే ప్రోగ్రామ్ రెండు చోట్ల రెండు జవాబులు ఎందుకు చెబుతుంది? ఒకే పనిముట్టును చూసిన విద్యార్థికి ఈ ప్రశ్నలు రావు. సీ భాష అంటేనే 16 బిట్లు అనుకుంటాడు. 'కోనియో డాట్ హెచ్' అనే ఫైలు, 'క్లియర్ స్క్రీన్', 'గెట్ సీహెచ్' ఆదేశాలు భాషలో భాగమనే అనుకుంటాడు. నిజానికి అవి ప్రామాణిక సీలో లేవు. డాస్ కంపైలర్లు ఇచ్చిన అదనపు సదుపాయాలు మాత్రమే. సీ++లో 'ఐఓస్ట్రీమ్ డాట్ హెచ్' అని రాసే అలవాటూ అంతే. 1998 ప్రమాణం ఆ 'డాట్ హెచ్'ను తీసేసింది. ఆ ప్రమాణంతో భాషలో స్థిరపడిన నేమ్‌స్పేస్‌లు, స్టాండర్డ్ టెంప్లేట్ లైబ్రరీ పాత నీలి తెరకు అసలు తెలియవు.

ఎందుకు వదల్లేదు?

కాలేజీలది ఒట్టి బద్ధకమని కొట్టిపారేయడం తేలికే. అసలు కారణాలు అంత తేలికైనవి కావు. 1990లలో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టుకొచ్చిన రోజుల్లో ల్యాబుల్లో ఉన్నవి తక్కువ మెమరీ గల పాత కంప్యూటర్లు. కొద్దిపాటి చోటులో ఇమిడిపోయి, ఇంటర్నెట్ అడగకుండా, ఫోల్డర్ కాపీ చేస్తే చాలు పనిచేసే టర్బో సీ వాటికి వరంలా దొరికింది. పుస్తకాలు దాని చుట్టూ వచ్చాయి. ఎంతోమంది చేతిలో కనిపించిన యశవంత్ కనేట్కర్ 'లెట్ అజ్ సీ' పాత ముద్రణలు టర్బో సీ లోకంలోవే. ల్యాబ్ మాన్యువళ్లు, వైవా ప్రశ్నలు, ఎగ్జామినర్ల అలవాట్లు అన్నీ దానికి తగ్గట్టే తయారయ్యాయి.

కంప్యూటర్ గ్రాఫిక్స్ ల్యాబ్ మరో ముడి. గీతలు, వృత్తాలు గీయడానికి టర్బో సీలోని 'గ్రాఫిక్స్ డాట్ హెచ్' రెండు మూడు వాక్యాల్లో పని కానిస్తుంది. దాన్ని వదలాలంటే ఆ ల్యాబ్ పాఠాలన్నీ తిరగరాయాలి. అరవై కంప్యూటర్లకు ఒక్క సహాయకుడు ఉన్నచోట, సిలబస్ మార్చే అధికారం తన చేతిలో లేని అధ్యాపకుడు ఆ సాహసానికి దిగడం కష్టమే.

అలాగని ఎవరూ ప్రయత్నించలేదనీ కాదు. కేరళ 2000లలోనే ఐటీ@స్కూల్ పథకం కింద ప్రభుత్వ పాఠశాలలను గ్నూ/లైనక్స్ వైపు మళ్లించింది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే లైనక్స్‌ను రూపొందించి, ఇంజనీరింగ్ కాలేజీల్లో విద్యార్థి బృందాలను ప్రోత్సహించింది. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు లైనక్స్, సీ వంటి పాఠాలను భారతీయ భాషల్లో వీడియోలుగా అందించింది. సీబీఎస్ఈ 11, 12 తరగతుల్లో 2010ల చివర్లో సీ++ స్థానాన్ని పైథాన్ ఆక్రమించడంతో ఆ బడుల్లో నీలి తెర కనుమరుగవుతూ వచ్చింది. అయితే అక్కడా మీట పోలేదు. పైథాన్‌తో వచ్చే ఐడిల్ ఎడిటర్‌లో ఎఫ్5 నొక్కితే సరిపోతుంది.

మూల్యం ఎవరిది?

సమస్య బయటపడేది ఉద్యోగాల వేటలో. 2009లో మొదలైన కోడ్‌చెఫ్ వంటి పోటీ వేదికల మీద, కంపెనీలు నిర్వహించే ఆన్‌లైన్ పరీక్షల్లో ప్రోగ్రామ్‌ను సరిచూసేది సాధారణంగా లైనక్స్ సర్వర్ మీది జీసీసీ. అక్కడ 'కోనియో డాట్ హెచ్' అనే ఫైలే ఉండదు. తర్కమంతా సరిగ్గా ఉన్నా మొదటి వాక్యం దగ్గరే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. సీ++లో 'వాయిడ్ మెయిన్' అని రాస్తే తప్పుగా కొట్టేస్తుంది. ఇంట్లో సొంత కంప్యూటర్, తెలిసిన అన్నయ్యో అక్కయ్యో ఉన్నవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకుంటారు. కాలేజీ ల్యాబ్ తప్ప మరో దిక్కులేని మొదటి తరం విద్యార్థికి అది పరీక్ష రోజునే తెలుస్తుంది.

ఉద్యోగం వచ్చాకా నల్ల తెర తప్పదు. సర్వర్‌కు మౌస్ ఉండదు, మానిటర్ ఉండదు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో తన డేటా కేంద్రాల సముదాయాన్ని ప్రారంభించింది. అలాంటి చోట ఉన్న యంత్రంతో ఇంజనీర్ దూరం నుంచి మాట్లాడేది ఎక్కువగా టైపు చేసిన ఆదేశాలతోనే. ప్రపంచంలోని 500 అతి వేగవంతమైన సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబర్ నుంచి లైనక్స్ మీదే నడుస్తున్నాయి. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో సృష్టించిన గిట్ కూడా పుట్టుకతో కమాండ్ లైన్ పనిముట్టే. అర్ధరాత్రి సర్వర్ మొరాయించినప్పుడు మెనూలు వెతుక్కునే వ్యవధి ఉండదు.

అన్నింటికన్నా ముఖ్యం అవగాహన. సీ ప్రోగ్రామ్ నడిచే రూపానికి రావడం వెనుక సాధారణంగా నాలుగు పనులు ఉంటాయి. ప్రీప్రాసెసర్ అవసరమైన ఫైళ్లను కలుపుతుంది. కంపైలర్ అసెంబ్లీలోకి మారుస్తుంది. అసెంబ్లర్ దాన్ని యంత్రభాష చేస్తుంది. లింకర్ ముక్కలను అతికిస్తుంది. టర్బో సీ వాడినవాళ్లకు 'ఇన్‌క్లూడ్ ఫైలు తెరవలేకపోతున్నాను' అన్న సందేశం బాగా గుర్తుంటుంది. ఆప్షన్స్‌లోకి వెళ్లి డైరెక్టరీ మార్చాలని సీనియర్లు చెప్పేవాళ్లు. ఎందుకు మార్చాలో చెప్పేవాళ్లు అరుదు. జీసీసీలో ఈ నాలుగు మెట్లనూ విడివిడిగా ఆపి చూడొచ్చు. తప్పు ఏ మెట్టు మీద జరిగిందో తెలిస్తే సగం రోగం కుదిరినట్టే.

ఐడీఈ తప్పేమిటి?

ఇంత చెప్పాక ఐడీఈని దోషిగా నిలబెట్టడం అన్యాయం. వేల ఫైళ్లున్న జావా ప్రాజెక్టులో ఒక ఫంక్షన్ పేరు మార్చాలంటే, ఎక్లిప్స్ గానీ ఇంటెల్లిజే గానీ దాన్ని వాడిన ప్రతిచోటా సరిచేసి పెడతాయి. చేత్తో చేస్తే పూట పడుతుంది, ఒకటో రెండో మిగిలిపోతాయి. ప్రోగ్రామ్‌ను ఒక వాక్యం దగ్గర ఆపి ప్రతి విలువనూ కళ్లతో చూపించే డీబగ్గర్ కొత్తవారికి గురువుతో సమానం. 2014 డిసెంబర్‌లో తొలి పూర్తిస్థాయి వెర్షన్ వచ్చిన ఆండ్రాయిడ్ స్టూడియో లేకుండా మొబైల్ యాప్ రాయమంటే నిపుణుడు కూడా విసుక్కుంటాడు.

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి ఐడీఈ చేసే మేలు ఇంకొకటుంది. కమాండ్ లైన్ అంటే ఇంగ్లిష్ స్పెల్లింగు పరీక్ష. ఒక్క అక్షరం, ఒక్క ఖాళీ తప్పినా తిరస్కరణే. ఐడీఈలో తప్పు పదం కింద ఎర్ర గీత పడుతుంది. తర్వాతి పదం ఏదో తానే సూచిస్తుంది. భయం పోగొట్టడంలో దానికి సాటి లేదు. కాకపోతే దాని ఆకలి ఎక్కువ. ఆండ్రాయిడ్ స్టూడియో కనీసం 8 జీబీ మెమరీ అడుగుతుంది. జీసీసీ పదేళ్ల నాటి కంప్యూటర్‌లోనూ నిక్షేపంగా నడుస్తుంది. టెర్మక్స్ అనే యాప్ ఉంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే సీ ప్రోగ్రామ్ కంపైల్ చేసుకోవచ్చు. ల్యాప్‌టాప్ కొనలేని ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

ఈ రెంటి మధ్య సమన్వయం విశ్వవిద్యాలయాల కన్నా ముందు అమీర్‌పేటకు తెలిసింది. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో కోర్ జావాను నోట్‌ప్యాడ్‌లోనో ఎడిట్‌ప్లస్‌లోనో రాయించి, కమాండ్ ప్రాంప్ట్‌లో 'జావాసీ' అని టైపు చేయించి కంపైల్ చేయించడం మామూలు పద్ధతి. క్లాస్‌పాత్ తప్పితే ఏమవుతుందో విద్యార్థి అక్కడే చూస్తాడు. స్ప్రింగ్, హైబర్నేట్ వంటి పెద్ద లైబ్రరీల దగ్గరికి వచ్చేసరికి ఎక్లిప్స్ తెరుస్తారు. ముందు చేత్తో, తర్వాత యంత్రంతో. ఉద్యోగ మార్కెట్ నేర్పిన బోధనా శాస్త్రమిది.

గోడ కూలింది

పరిశ్రమలో ఈ తగాదా చాలావరకు చల్లారింది. మైక్రోసాఫ్ట్ 2015లో ప్రకటించిన వీఎస్ కోడ్ తేలికైన ఎడిటర్. దాని అడుగు భాగంలోనే టెర్మినల్ తెరుచుకుంటుంది. 2016లో ఆ కంపెనీ ముందుకు తెచ్చిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ పుణ్యమా అని ఒకప్పుడు ఐడీఈల సొత్తయిన పద సూచనలు, తప్పుల గుర్తింపు విమ్, ఈమాక్స్‌లకూ దక్కాయి. అదే ఏడాది విండోస్ లోపలే లైనక్స్ కమాండ్ లైన్ నడిచే ఏర్పాటూ వచ్చింది. మెనూలతో సామ్రాజ్యం నిర్మించిన కంపెనీ నల్ల తెరకు తలుపు తెరిచింది.

కృత్రిమ మేధ ఈ కథను మరో మలుపు తిప్పింది. 2021లో వచ్చిన గిట్‌హబ్ కోపైలట్ ఎడిటర్‌లో కూర్చుని వాక్యాలు పూర్తిచేసింది. 2025లో ఆంత్రోపిక్, గూగుల్, ఓపెన్‌ఏఐ సంస్థలు టెర్మినల్‌లోనే నడిచే సహాయకులను విడుదల చేశాయి. అవి ఫైళ్లు తెరుస్తాయి, ఆదేశాలు ఇస్తాయి, పరీక్షలు నడుపుతాయి. ప్రతి అడుగుకూ ముందు ఈ ఆదేశం ఇవ్వనా అని మనిషిని అడిగేలా పెట్టుకోవచ్చు. ఆ ఆదేశం ఫైలును మారుస్తుందో, మొత్తం ఫోల్డర్‌ను తుడిచేస్తుందో చదివి చెప్పలేని వ్యక్తి 'సరే' అనడం, చదవకుండా దస్తావేజు మీద వేలిముద్ర వేయడం లాంటిదే. ఆదేశాలు టైపు చేసే అవసరం తగ్గవచ్చు. చదివి అర్థం చేసుకోవలసిన అవసరం మాత్రం పెరిగింది.

కాలేజీలు చేయవలసింది ఖర్చుతో కూడిన పనేమీ కాదు. జీసీసీ ఉచితం, లైనక్స్ ఉచితం, వీఎస్ కోడ్ కూడా ఉచితమే. సీ ల్యాబ్ మొదటి కొన్ని వారాలు టెర్మినల్‌లో నడిపి, కంపైల్ నుంచి లింక్ దాకా ప్రతి మెట్టునూ చూపించి, ఆపై ఐడీఈని చేతికిస్తే చాలు. వైవాలో ఒక్క ప్రశ్న మారినా తేడా కనిపిస్తుంది. ఏ మీట నొక్కావని అడిగే బదులు, నొక్కాక లోపల ఏం జరిగిందని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల విద్యార్థికి తెర నీలంగా ఉన్నా, నల్లగా ఉన్నా ఒకటే. చెప్పలేని విద్యార్థికి పనిముట్టు మారిన ప్రతిసారీ చదువు మళ్లీ మొదటికొస్తుంది.